పులుసులో గచ్చకాయంత బెల్లం

వంటయింటి ముచ్చటను మనము ముచ్చటగానే వదలివేస్తాము. నలుగురు స్త్రీలు అరుగు మీద కూర్చుండి ఉప్పును గూర్చి, పులుపును గూర్చి మాట్లాడుకొంటూ ఉంటే, అది ప్రొద్దుపోని మాట అనుకొని మగవారు లేచిపోవడం వాడుక. కాని ఒక ఇంటి ఆరోగ్యం, ఆదాయం, అభిరుచి మూడును ఆ మాటలలోనే నిర్ణయమవుతూ ఉంటవి. ఈ సంగతి మాకు పుస్తకాల వలన కాక ప్రయాణం వలన తెలిసినది.

ఇటీవల స్త్రీల కార్యక్రమం నిమిత్తమై నెల్లూరు జిల్లా పడమటి భాగాన గల ఉదయగిరికి, ఆత్మకూరుకు వెళ్ళినాము. నెల్లూరు అనగానే వరిచేలు, చేపల పులుసు జ్ఞాపకం వస్తవి. పడమటికి పోయినకొద్దీ ఆ చిత్రం మారుతుంది. వెలిగొండల నీడలో ఉన్నది మెట్టసీమ. పెన్నకు సోమశిల వద్ద ఆనకట్ట కట్టిన తరువాత కొన్ని పొలాలకు నీరు వచ్చినది గాని, అంతకు ముందు వానను నమ్ముకొన్న జొన్న, సజ్జ మొదలైన పైరులే ఆధారము. అట్టిచోట తీపి అనేది నిత్యవస్తువు కాదు. పండుగకు వండేది, పసిబిడ్డ చేతిలో పెట్టేది, పులుసులో ఇంత వేసేది, అంతే.

ఉదయగిరిలో మేము కూర్చున్న వీధి చెక్క చెంచాలు చెక్కే పనివారిది. ఆ ఊరి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. సమీపపు అడవులలో దొరికే నర్ది, బిక్కి వంటి చెట్ల కర్రను ఉలితో తొలిచి, ఆకురాయితో నునుపు చేస్తారు. పనిచేసే వారిలో స్త్రీలు పెక్కుమంది. వారిని మధ్యాహ్నం వేళ సమావేశపరచి, ధ్వనిముద్రణ యంత్రం ముందుంచి, "మీ వంటలను గూర్చి చెప్పండి" అన్నాము. ఒక్కొక్కరే గొంతు సవరించుకొని, పాఠం ఒప్పచెప్పినట్లు చెప్పినారు. చింతపండు ఇంత, కారం ఇంత, ఉప్పు తగినంత. అంతయు సక్రమముగానే ఉన్నది, కాని అందులో ప్రాణం లేదు. యంత్రం ఆపి, వారు ఇచ్చిన టీ త్రాగుతూ ఉండగా అసలు సంభాషణ ఆరంభమైనది.

"ఏందక్కా, నువ్వు పులుసులో గచ్చకాయంత బెల్లం వేస్తానంటివే. పులుసు కాస్తుండావా, పాయసం కాస్తుండావా?" అని ఒకామె నవ్వినది.

"వేసినట్టు తెలియకుండా వెయ్యాల. తెలిసిందంటే నీకు చెయ్యి కుదర్లేదని" అని రెండవ ఆమె బదులు చెప్పినది.

ఆ వీధిలో పులుసులో బెల్లం వేసే ఇళ్ళు ఉన్నవి, వేయని ఇళ్ళు ఉన్నవి. ఇది మతభేదము కాదు, ఊరిభేదమును కాదు. ఎవరి అత్తగారి చేయి ఎట్టిదో వారి కోడళ్ళ చేయి అట్టిది. కాని "వేసినట్టు తెలియకుండా వెయ్యాల" అన్న మాట మాత్రం మమ్ము వదలలేదు. తెలియనప్పుడు వేయుట ఎందుకు?

దీనికి శాస్త్రం చెప్పే సమాధానం రమ్యముగా ఉన్నది. చింతపండు పులుపునకు ముఖ్యకారణం టార్టారిక్ ఆమ్లం. బెల్లం వేసినంత మాత్రాన ఆ ఆమ్లం తగ్గదు, విరగదు. పులుసులో ఎంత ఉన్నదో అంతయు ఉంటుంది. కాని తీపి, పులుపు ఒకేసారి నాలుకకు తగిలినప్పుడు ఒకదాని తీవ్రతను మరొకటి అణచుతుంది. అనగా బెల్లం మార్చేది పులుసును కాదు, మన అనుభవాన్ని. పులుపు మొనదేలి గ్రుచ్చుకొనక, గుండ్రముగా తోచుతుంది. తీపి పైకి వచ్చినదా, అప్పుడది పులుపును దిద్దుట మాని దానికే పోటీగా నిలుస్తుంది. ఆమె చెప్పిన సూత్రం ఇదే.

ఉప్పు పని కూడ ఇటువంటిదే. పాయసంలో రవ్వంత ఉప్పు వేస్తే తీపి ఇనుమడిస్తుందని పెద్దవారు అంటారు. ఉప్పు చేదును అణచుతుందని, చేదు అణగినప్పుడు దాని చాటున ఉన్న తీపి బయటపడుతుందని 1997లో అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించి ప్రకటించినారు. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాచి పిండే ఇల్లాలు చేదు రసాన్ని కొంత పిండివేయడమే గాక, మిగిలిన చేదును కూడ ఉప్పుచేత అణచుతున్నదన్న మాట.

మాట అక్కడినుండి తాలింపు మీదికి మళ్ళినది. పోపు అని కొందరు, తిరగమోత అని కొందరు అంటారు గాని పని ఒక్కటే. పరిమళ ద్రవ్యాలలో పెక్కు నీటిలో కరగవు, నూనెలో కరుగుతవి. ఇంగువ, మిరపకాయ, జీలకర్ర, కరివేపాకు వేడి నూనెలో పడినప్పుడు వాటి వాసన నూనెను పట్టుకొని, నూనెతోపాటు వంటకం అంతటికీ ప్రాకుతుంది. ఆవాల సంగతి మరీ చిత్రమైనది. పచ్చి ఆవాలు నీటితో నూరితే ముక్కుపుటాలు అదిరే ఘాటు పుడుతుంది. ఆవగింజలో వేరువేరు గదులలో ఉన్న రెండు పదార్థాలు నూరినప్పుడు కలిసి ఆ ఘాటును పుట్టిస్తవి. ఆవపెట్టిన కూరలో ఉన్నది అదే. అవే ఆవాలను కాగిన నూనెలో వేస్తే, ఘాటును పుట్టించే జీవద్రవ్యం వేడికి నశించి, చిటపటలాడిన గింజలో కమ్మదనం మాత్రమే మిగులుతుంది. ఒక గింజ, రెండు గుణాలు. ఏది ఎప్పుడు కావలెనో ఎరిగినది ఇల్లాలు.

మిరపకారం మాట వచ్చినప్పుడు వారిలో ఒక పెద్దావిడ ఎదుటి కొండను చూపి, "ఆ కోట నాటినుంచీ మాది కారం తినే ఊరు" అన్నారు. గౌరవముతోనే ఒక చిన్న సవరణ చెప్పవలసి వచ్చినది. శ్రీకృష్ణదేవరాయలు ఆ దుర్గాన్ని 1513లో ముట్టడించి, 1514లో గజపతుల నుండి కైవసం చేసుకొన్నారు. మిరపకాయ పుట్టినది అమెరికా ఖండంలో. పోర్చుగీసువారి ఓడలు మన పడమటి తీరాన కాలు మోపినది 1498లో. వారి మూలముగా మిరప ఈ దేశమున వ్యాపించినది పదునారవ శతాబ్దంలో. కనుక కోటలోని వారికిని, క్రింద విడిసిన సేనలకును కారం అంటే మిరియమే అయి ఉండవలెను. మిరియము, మిరప అన్న పేర్లలోనే ఆ పోలిక నేటికీ కనబడుతున్నది. ఆమె ఒక క్షణం ఊరకుండి, "అయితే అదీ మాకు కోడలుగా వచ్చిందే గదా!" అన్నారు. చరిత్రను ఇంతకంటె చక్కగా చెప్పుట మా తరము కాదు.

ఆ కోడలి గుణం మాత్రం రుచి కాదు, మంట. నిప్పు తగిలినప్పుడు మేల్కొనే నరాల ద్వారమే మిరపకాయ తగిలినప్పుడు కూడ తెరచుకొంటుంది. దానిని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానం మరొకరితో కలిపి లభించినది. ఆ మంట నీటితో చల్లారదు, ఎందుకనగా కారపు సారం నీటిలో సరిగా కరగదు. పాలలోని, మజ్జిగలోని మాంసకృత్తులు దానిని పట్టుకొని పోతవి. భోజనం మజ్జిగతో ముగించే మన వాడుకకు ఇంత అర్థమున్నది.

ఉదయగిరిలో విన్న బెల్లపు తగవును మేము ఆత్మకూరుకు మోసుకొనిపోయినాము. అక్కడ ఒక ఇంటి వసారాలో ఇరుగుపొరుగు స్త్రీలు ఏడెనిమిది మంది చేరినారు. "పులుసులో బెల్లం వేయవలెనా, వద్దా?" అని అడిగినాము. అందరును ఒక వృద్ధురాలి వైపు చూచినారు. ఆ వీధిలో ఎవరి యింట పెండ్లి వంట జరిగినా ఉప్పు, పులుపు చూచుటకు పిలిచేది ఆమెనేనట. అంతవరకు నవ్వుతూ ఉన్న ఆమె ముఖం చిన్నబోయినది.

"నన్నేం అడుగుతారు నాయనా, నాకు చక్కెర జబ్బని మా కోడలు నాకు వేరేగా కాస్తుంది. నేను రుచి చూసి రెండేళ్ళయింది" అన్నారు. కోడలు తల వంచుకొన్నది. "డాక్టరు తీపి వద్దన్నారు గదత్తా, నీ మంచికే గదా" అన్నది మెల్లగా. అత్త కోపగించుకొనలేదు. మమ్ము చూచి, "చదువుకున్నోళ్ళు మీరు చెప్పండి. పులుసులో గచ్చకాయంత బెల్లం కూడా విషమేనా?" అని అడిగినారు.

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. 2023లో ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారం భారతదేశంలో మధుమేహం గలవారు సుమారు 10 కోట్ల మంది. ఇన్ని లక్షల వంటయిండ్లలో ఇట్టి ప్రశ్న అడుగుతూనే ఉంటారు. మేము వైద్యులము కాము. ఆ మాటే ముందుగా చెప్పి, లెక్క మాత్రం కలిసి వేద్దామన్నాము.

గచ్చకాయంత బెల్లం అయిదారు గ్రాములకు మించదు. ఆరుగురు తినే పులుసులో అది పడితే ఒక్కొక్కరి పాలికి వచ్చేది సుమారు ఒక గ్రాము. మరి టీ మాట? ఆమె దినమునకు నాలుగు సార్లు టీ త్రాగుతారట. "చక్కెర కొంచెమే" అన్నారు. కొంచెమనగా గ్లాసుకు రెండు చెంచాలు. చెంచాకు సుమారు 4 గ్రాముల చొప్పున దినమునకు 32 గ్రాములు. కలిపి తినే చక్కెరలు దినమునకు సుమారు 25 గ్రాములకు లోపుగా ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. అది ఆరోగ్యవంతులకు చెప్పిన మాట. రోగులకు వైద్యుడు విధించిన హద్దు ఇంకను తక్కువ కావచ్చును.

వసారాలో ఒక్కసారి నిశ్శబ్దం అలముకొన్నది. పులుసులోని ఒక గ్రామును దొంగవలె పట్టి బయటికి నెట్టి, గ్లాసులోని ముప్పదిరెండు గ్రాములను చుట్టమువలె పీట వేసి కూర్చుండబెట్టినాము. కోడలిది తప్పు కాదు. తీపి అంటే పండుగనాటి బూరెలు, పాయసములు, పులుసులోని బెల్లము అని ఆమెకు నేర్పినారు. టీ తీపి క్రిందికి వస్తుందని ఎవరును చెప్పలేదు. ఇరువదవ శతాబ్దంలో పల్లెలకు ప్రాకిన టీ, ఏడాదికి నాలుగుసార్లు వచ్చే తీపిని దినమునకు నాలుగుసార్లు వచ్చేదిగా మార్చివేసినది.

ఇంకొక ఆమె, "టీలో చక్కెర మానేసి బెల్లం వేస్తే మంచిది గదా?" అన్నది. ఇదియును వ్యాపించిన భ్రమే. బెల్లములో చాలా భాగము చక్కెరలో ఉన్న పదార్థమే. దానితోపాటు స్వల్పముగా ఖనిజ లవణాలు ఉన్నంత మాత్రాన మధుమేహికి అది పథ్యము కాదు. దానిని కూడ చక్కెర క్రిందనే లెక్కించవలెను. ఉప్పునకును హద్దు కలదు. దినమునకు 5 గ్రాములకు లోపు చాలునని అదే సంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, వడియము మీద మక్కువ గల మన ఇండ్లలో ఆ హద్దు తెలియకుండానే దాటిపోతుంది.

వంటల పుస్తకాలలో "తగినంత" అన్న మాట కనబడినప్పుడు చదువుకొన్న వారు విసుగుకొంటారు. ఎంత అని చెప్పక తగినంత అంటే ఎట్లా? నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లము, చిటికెడు పసుపు అన్న కొలతలన్నియు కంటికి, చేతికి తెలిసినవి. తగినంత అన్నది మాత్రం మనుషులను బట్టి మారేది. తినేవారు ఎందరు, వారిలో పసివారు ఎవరు, రోగి ఎవరు, ఎండలో పని చేసి వచ్చినవారు ఎవరు అన్నది తెలిస్తేనే అది తెలుస్తుంది. దానిని ఏ పుస్తకమును చెప్పజాలదు. అరుగు మీద, వసారాలో, బావి దగ్గర నడిచే మాటలు చెప్పుతవి. నాలుగైదు వందల ఏండ్లలో పరాయి మిరపకాయను తగినంతగా మలచుకొన్నది ఆ మాటలే. నిన్నగాక మొన్న వచ్చిన టీ చక్కెరను అదుపులో పెట్టవలసినదియు ఆ మాటలే.

మేము లేచినాము. కోడలు మాకు వీడ్కోలుగా మరల టీ తెచ్చినది. వృద్ధురాలు తన గ్లాసును చేతిలోకి తీసుకొని ఒక క్షణం చూచి, ప్రక్కన పెట్టినారు.

"రేపటినుంచి నాకు టీ రెండుసార్లే ఇయ్యి. చక్కెర లేకుండా అలవాటు చేసుకుంటాలే" అన్నారు కోడలితో. "డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఈ పులుసు లెక్క కూడా అడిగిరా. ఆయన సరే అన్నాడంటే ఒక్క ముద్ద అందరి గిన్నెలోదే పెట్టు. ఉప్పు సరిపోయిందో లేదో నేను చెప్తా."

కోడలు నవ్వినది. ఆ వసారాలో మేము విన్న మొదటి నవ్వు అదే. అప్పటికి మా యంత్రం పెట్టెలో సర్దివేసి ఉన్నది.