సెలవుల్లో ఎక్కడికి? ఎవరి కోసం?

పిల్లల పరీక్షలు ముగిసిన నాటి సాయంత్రమే మన ఇళ్ళలో ఒక సమావేశం జరుగుతుంది. చిన్నవాళ్ళు సముద్రం అంటారు. కళాశాలకు వెళ్ళే అబ్బాయి కొండలు అంటాడు. ఇంటి యజమాని వేళ్ళ మీద ఖర్చు లెక్కపెట్టి, దగ్గరలో ఉన్న ఊరేదైనా చాలునంటాడు. ఇంటి ఇల్లాలి అభిప్రాయం మాత్రం ఎవరూ అడగరు. అడిగినా ఆమె "మీరు ఎక్కడికంటే అక్కడికే" అని ఊరుకుంటుంది. ఎక్కడికి వెళ్ళినా తాను చేయవలసిన పని ఏమిటో ఆమెకు ముందే తెలుసు.

రెండేళ్ళ క్రితం మేమూ ఇలాగే మాట్లాడుకొని, మూడు కుటుంబాల వాళ్ళం కలిసి సూర్యలంకకు వెళ్ళాము. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న చక్కని తీరమది. ఆదివారం కావడం వల్ల ఇసుక కనబడనంత జనం. మగవాళ్ళమూ పిల్లలూ నేరుగా నీళ్ళలోకి దిగాము. అమ్మీ, ఇంటి కోడళ్ళు ఇద్దరూ చాప పరచుకొని మా చెప్పులకూ, సెల్‌ఫోన్లకూ, సంచులకూ కాపలా కూర్చున్నారు. మధ్యాహ్నం చిన్న గ్యాసు పొయ్యి వెలిగించి, ఇంటి నుంచి మసాలా పట్టించి తెచ్చిన మాంసం వండి పెట్టారు. గిన్నెలు తోముకొని సర్దుకునే సరికి అసర్ వేళయింది. తిరుగు ప్రయాణంలో అమ్మీ చిన్న మనుమరాలిని ఒడిలో కూర్చోబెట్టుకొని, "నీళ్ళు చల్లగా ఉన్నాయా బేటీ?" అని అడిగారు.

పగలంతా ఆమె సముద్రానికి నూరు అడుగుల దూరంలోనే ఉన్నారు. నీళ్ళు చల్లనివో వెచ్చనివో తెలియకుండానే తిరిగివచ్చారు. మోకాళ్ళ నొప్పితో ఇసుకలో నడవలేని ఆమెను చేయిపట్టుకొని అలల దాకా తీసుకువెళ్ళాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. వాహనంలో ఆ తర్వాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

విహారయాత్ర ధర్మానికి విరుద్ధమనే సందేహం కొందరిలో ఉంది. భూమిపై సంచరించి అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో చూడమని దివ్యఖుర్‌ఆన్ అన్‌కబూత్ సూరాలో చెబుతుంది. గాషియా సూరాలో ఒంటెనూ, ఆకాశాన్నీ, పర్వతాలనూ, పరచిన భూమినీ గమనించమంటుంది. అయితే ప్రయాణం ఒక విధమైన యాతన అనీ, అది మనిషి తిండికీ నిద్రకూ అడ్డుపడుతుందనీ, పని ముగియగానే ఇంటివారి వద్దకు త్వరగా చేరుకోవాలనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. అదే ప్రవక్త (స) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగమని చెప్పి, వెనుక హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆ పందెంలో ఆమె గెలిచారు. చాలాకాలం తర్వాత మరో ప్రయాణంలో ఆయన గెలిచి, ఇది ఆనాటి పందేనికి బదులు అని చమత్కరించారు. ఈ సంఘటనను మన ప్రసంగాలలో భార్యాభర్తల అనురాగానికి ఉదాహరణగా చెబుతుంటారు. మాకు అందులో మరొకటి కూడా కనిపిస్తున్నది. ఆమె నిస్సంకోచంగా పరుగెత్తడానికి ఏకాంతం కావాలి. ఆ ఏకాంతాన్ని ఏర్పాటు చేసే బాధ్యతను ఆయన స్వయంగా తీసుకున్నారు. సహచరులను ముందుకు పంపింది అందుకే. సెలవుల్లో ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించే మగవాళ్ళు మొదట గుర్తుంచుకోవలసింది దీనినే అని మా అభిప్రాయం.

సముద్రం సంగతే చూద్దాం. తీరం ఏది అన్నదాని కన్నా ఏ రోజు, ఏ వేళ అన్నదే ముఖ్యం. ఆదివారం మధ్యాహ్నం పర్దా పాటించే స్త్రీకి స్థలం ఇవ్వని తీరమే, మంగళవారం ఫజ్ర్ తర్వాత రెండు గంటల పాటు ఆమెదవుతుంది. కార్తీకమాసంలో, ముఖ్యంగా పౌర్ణమి నాడు, హిందూ సోదరుల సముద్ర స్నానాల వల్ల మన తీరాలు కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజులను వారికి వదిలివేయడమే మర్యాద. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం కాబట్టి వాతావరణ హెచ్చరికలు చూసుకొని బయలుదేరాలి. మే నెల ఎండలో పదిగంటల తర్వాత ఇసుక మీద కాలు పెట్టలేము.

ఏకాంతం కోసం ఎవరూ లేని, పేరు తెలియని తీరానికి వెళ్ళడం మాత్రం ప్రమాదకరం. ప్రతి వేసవిలోనూ ఎవరో ఒక తల్లి బిడ్డలు అలలకు కొట్టుకుపోయిన వార్త చదువుతూనే ఉన్నాము. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి కదా! అది కొన్నిచోట్ల సన్నని పాయగా, బలమైన వేగంతో లోపలికి లాగుతుంది. అటూ ఇటూ అలలు విరుగుతుంటే నడుమ నీరు నిశ్చలంగా, కాస్త ముదురు రంగులో కనిపించే చోటు అదే కావచ్చు. తెలియనివారు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకున్నవారు ఒడ్డుకు ఎదురీది అలసిపోకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ నుంచి బయటపడాలి. తడిసిన బుర్ఖా చాలా బరువెక్కుతుంది, కాళ్ళకు చుట్టుకుంటుంది. కనుక సముద్రం వద్ద స్త్రీలు నేలను తాకని, చీలమండల వరకే ఉండే వదులైన దుస్తులు ధరించి, మోకాలి లోతు దాటకుండా ఉండడం మంచిది. అన్నట్టు, సత్ర్ స్త్రీలకు మాత్రమే కాదు. నాభి నుంచి మోకాళ్ళ వరకు కప్పుకోవాలన్న నియమం పొట్టి నిక్కర్లతో నీళ్ళలోకి దూకే మన సోదరులకు కూడా వర్తిస్తుంది.

కొండల ప్రయాణం ఆరోగ్యవంతులకు హాయి, వృద్ధులకు పరీక్ష. విశాఖపట్నం నుంచి ఉదయం బయలుదేరే కిరండూల్ రైలులో సొరంగాల మీదుగా అరకు చేరడం పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. పెద్దవారికి కూడా ఘాట్ రోడ్డు మలుపుల కన్నా రైలే నయం. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్నవారిని "ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా?" అని బలవంతపెట్టకూడదు. ఒకరు వారితో పైనే ఉండిపోవాలి. ఆ ఒకరు ఎప్పుడూ కోడలే కానవసరం లేదు. అరకు దారిలో వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసం వాసన ఊరిస్తుంది. దానిని జిబహ్ చేసినదెవరో అడిగి తెలుసుకోండి. నమ్మకమైన సమాధానం రాకపోతే కూరగాయలు, గుడ్లు, చేపలు ఉండనే ఉన్నాయి. రాయలసీమ వారికి మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ అందుబాటులో ఉంది. ఎత్తు సుమారు 1,265 మీటర్లు. కొండపైన చూడవలసినవి ఎక్కువ లేవు. మా దృష్టిలో అదే దాని గొప్పతనం. నీలగిరి చెట్ల కింద కూర్చొని కబుర్లు చెప్పుకోవడం తప్ప చేయడానికి పని ఉండదు. మదనపల్లెలో మసీదులకూ, హలాల్ భోజనానికీ కొదువ లేదు.

ఇన్ని ప్రయాణాల తర్వాత మా మనసు చిన్న పట్టణాల వైపే మొగ్గుతున్నది. అక్కడ పరుగు లేదు. అజాన్ వినిపిస్తుంది. పెద్దవాళ్ళు ఆటోలో కూర్చొని ఊరంతా చూడగలరు. జహీరాబాద్ దాటగానే వచ్చే బీదర్ ఒకనాటి బహమనీల రాజధాని. హైదరాబాదు నుంచి సుమారు 140 కిలోమీటర్లు. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వర్తకుడిగా వచ్చి, బహమనీ రాజ్యానికి మంత్రి అయిన మహమూద్ గవాన్ 1472లో అక్కడ మూడు అంతస్తుల మదర్సా నిర్మించారు. విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ గదులు, గ్రంథాలయం, మసీదు అందులోనే ఉండేవి. తర్వాతి కాలంలో జరిగిన పేలుడులో ఒక భాగం కూలిపోయినా, మిగిలిన మీనారు మీద నీలి పింగాణీ పలకల అందం నేటికీ కనిపిస్తుంది. ఆ గవాన్‌నే శత్రువులు దొంగ ఉత్తరంతో దేశద్రోహిగా చిత్రించగా, సుల్తాను విచారణ లేకుండా 1481లో మరణశిక్ష అమలు చేయించాడు. చేతికి వచ్చిన ప్రతి సందేశాన్నీ నిజమని నమ్మి పదిమందికీ పంపే మన పిల్లలకు ఆ కథను ఆ గోడల నీడలోనే చెప్పాలి. బిద్రీ పనివారి వీధిలో నల్లని లోహంపై వెండి తీగె పొదుగుతుంటే చూడవచ్చు. ఆ నలుపు కోసం వారు కోటలోని మట్టినే వాడతారు.

కోస్తా వారికి బందరు. గోల్కొండ కుతుబ్‌షాహీల ప్రధాన రేవు ఇదే. ఇక్కడి నుంచి ఎర్రసముద్రపు రేవులకు సరుకులతో పాటు హజ్ యాత్రికులు కూడా నౌకలలో ప్రయాణించేవారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు ముప్పై వేల మందిని బలిగొన్నది. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం చూడండి. కలం, కారీ రెండూ పారసీ మాటలే. పర్షియా విపణి కోసం అద్దినందువల్లనే బందరు కలంకారీలో తీగలూ పూలూ ఎక్కువ. గుడ్డను కరక్కాయ రసంలోనూ పాలలోనూ నానబెట్టడం, బెల్లం నీటిలో ఇనుప ముక్కలు పులియబెట్టి నల్లరంగు తీయడం చూస్తూ మా పిల్లలు రెండు గంటలు కదలలేదు. సెల్‌ఫోన్ అడగనూ లేదు.

బస విషయంలో ఒక అనుభవం. ఒకసారి ఫోనులో అన్ని సౌకర్యాలూ ఉన్నాయన్న వసతి గృహానికి చేరాక, మా గది మూడో అంతస్తులో ఉన్నదనీ, లిఫ్టు లేదనీ తెలిసింది. అమ్మీ మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కారు. అప్పటి నుంచి డబ్బు కట్టక ముందే మూడు విషయాలు అడుగుతున్నాము: గది కింది అంతస్తులోనేనా, మరుగుదొడ్డి కుర్చీ వంటిదేనా, దగ్గరలో మసీదు ఉందా?

మసీదు ప్రస్తావన వచ్చింది కనుక మరొక మాట. ప్రయాణంలో జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులను నాలుగుకు బదులు రెండు రకాతులకు కుదించే ఖస్ర్ సౌలభ్యం అల్లాహ్ మనకు ప్రసాదించాడు. దూరం, బస చేసే రోజుల లెక్కల్లో మస్లకుల మధ్య తేడాలున్నాయి. బయలుదేరే ముందు మీ ఊరి ఆలిమ్‌ను అడగండి. సౌలభ్యం అయితే ఉంది గాని, స్త్రీలు దానిని వినియోగించుకునే చోటేదీ? దారిలో మసీదు కనబడగానే మగవాళ్ళం దిగి, వుజూ చేసి, చల్లగా ఫ్యాను కింద నమాజు చేసుకొని వస్తాము. స్త్రీలు ఎండలో వాహనంలో కూర్చొని ఉంటారు. వారి నమాజు వేళ దాటిపోతుంటుంది. పర్యాటకులు వచ్చే ఊళ్ళలో, రహదారుల పక్కన ఉన్న మసీదు కమిటీలు ఒక చిన్న గది, ఒక తెర, ఒక శుభ్రమైన మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే ఎంత పుణ్యం! షాండిలియర్లకు చందాలు వసూలు చేసే మనకు ఇది పెద్ద ఖర్చు కాదు. అంతవరకు ఒక జానమాజు, రెండు సీసాల నీళ్ళు, చాటు కోసం ఒక దుప్పటి వాహనంలో ఉంచుకోవడం మా అలవాటు.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. బంధువులు కాశ్మీరు వెళ్ళారని వడ్డీకి తెచ్చి మనమూ వెళ్ళడం హరామును విహారంగా మార్చుకోవడమే. బందరులో రెండు రోజులు ఉండేందుకు మాకైన ఖర్చు సూర్యలంకలో ఆ ఒక్క ఆదివారానికైన దానికన్నా స్వల్పంగానే ఎక్కువ. వంట సామాను తీసుకుపోలేదు. హోటలు భోజనానికి పోయిన డబ్బు కోడళ్ళ విశ్రాంతికి మేము చెల్లించిన వెల.

ఈ సంక్రాంతి సెలవులు ముగిశాక, బడులు తెరిచిన మొదటి వారంలో ఒక బుధవారం, పిల్లలకు ఒక్కరోజు సెలవు పెట్టించి బందరు నుంచి మంగినపూడికి వెళ్ళాము. పదకొండు కిలోమీటర్లు. అక్కడ ఇసుకకు బదులు నల్లమట్టి. ఒడ్డున లోతు తక్కువ. జాలరులు తప్ప ఇంకెవరూ లేరు. ఒడ్డునే ఫజ్ర్ నమాజు చేశాము. మన తూర్పు తీరంలో ఖిబ్లాకు అభిముఖంగా నిలబడితే సముద్రం వెనుక ఉంటుంది. సజ్దాలో ఉన్నప్పుడు అలల చప్పుడు వీపు వైపు నుంచి వినిపిస్తుంది. సలాం చెప్పి వెనుదిరిగే సరికి నీళ్ళ మీద వెలుతురు పరుచుకుంటున్నది. ఈసారి చెప్పులకు కాపలా మేము కూర్చున్నాము. కోడళ్ళు ఇద్దరూ అమ్మీకి చెరొక చేయి అందించి నడిపించారు. మొదటి అల పాదాలను తాకగానే ఆమె "యా అల్లాహ్!" అని గట్టిగా నవ్వారు. కాసేపయ్యాక మనుమరాలు ఒడ్డు నుంచి అరిచి అడిగింది:

"దాదీ, నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

"వచ్చి చూడు" అన్నారు అమ్మీ.