యోసేపు బట్టలు మార్చుకున్నాడు

చిలమత్తూరు మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పొద్దున్నే కాసేపు నిలబడితే మన ప్రాంతపు యువత ఏ దిక్కుకు చూస్తోందో తెలిసిపోతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి సుమారు వంద కిలోమీటర్లు వెళితే బెంగళూరు. ఉత్తరానికి వెళితే పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియా కర్మాగారం. పడమటికి వెళితే లేపాక్షి దాటాక హిందూపురం, తూముకుంట పారిశ్రామికవాడ. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చదివిన పిల్లలు సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని ఈ మూడు దిక్కులకూ బస్సులెక్కుతుంటారు.

వారిలో మన సంఘాల పిల్లలు కూడా ఉన్నారు. ఇంటర్వ్యూకు ముందురోజు పాస్టరుగారి దగ్గర ప్రార్థన చేయించుకుని, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి మెల్లగా ఒక మాట అడుగుతారు: ‘రేపు ఏ బట్టలు వేసుకుని పోవాలి అయ్యగారూ? టై కట్టుకోవాలంటారా?’

ఇది చిన్న ప్రశ్న అనుకుని చాలాసార్లు నవ్వి పంపేస్తాం. కానీ కూలిపనులు చేసి చదివించిన తల్లిదండ్రుల ఇంట్లో ఇది చిన్న ప్రశ్న కాదు. ఉన్న ఒక్క మంచి చొక్కా కాలరు చిరిగిపోయిందని ఇంటర్వ్యూకే వెళ్లకుండా ఆగిపోయే పిల్లలు ఉంటారు. వడ్డీకి డబ్బు తెచ్చి కోటు కుట్టించుకునే పిల్లలూ ఉంటారు. ఇద్దరిదీ ఒకటే భయం. ‘నన్ను చూడగానే చులకన చేస్తారేమో’ అన్న భయం.

విశ్వాసులమైన మన దగ్గర ఈ ప్రశ్నకు సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. మనుష్యులు పైరూపం చూస్తారు, దేవుడు హృదయం చూస్తాడు, కాబట్టి బట్టల గురించి చింతించవద్దు అంటాం. ఆ మాట వాక్యంలో ఉన్నదే (1 సమూయేలు 16:7). అయితే దేవుడు దానిని ఎవరితో చెప్పాడో గమనించామా? బేత్లెహేములో యెష్షయి కుమారులను వరుసగా నిలబెట్టి, వారిలో ఒకరిని రాజుగా ఎన్నుకోవడానికి వచ్చిన సమూయేలుతో చెప్పాడు. ఏలీయాబు ఎత్తునూ రూపాన్నీ చూసి ప్రవక్త అంతటివాడే పొరబడబోతుంటే దేవుడు ఆపాడు. అంటే ఆ హెచ్చరిక ముందుగా ఎంపిక చేసేవారికి. ఎంపికకు వెళ్లేవారు ఎలా ఉన్నా ఫరవాలేదని చెప్పడానికి దానిని వాడుకోకూడదు.

ఎంపికకు వెళ్లినవాడు ఏం చేశాడో తెలుసుకోవాలంటే యోసేపును చూడాలి. చెరసాలలో ఉన్నవాడికి ఫరో దగ్గరనుంచి పిలుపు వచ్చింది. త్వరగా రమ్మన్నారు. అంత తొందరలోనూ యోసేపు క్షౌరం చేయించుకున్నాడు, బట్టలు మార్చుకున్నాడు, ఆ తరువాతే ఫరో ఎదుట నిలిచాడు (ఆదికాండము 41:14). నా దేవుడు నాకు తోడున్నాడు గదా, ఈ చెరసాల బట్టలతోనే వెళతానని పట్టుబట్టలేదు. తాను వెళ్లేది ఎవరి దగ్గరికో గుర్తెరిగి, వారి మర్యాదకు తగినట్టు సిద్ధపడ్డాడు. కానీ నోరు విప్పినప్పుడు మాత్రం, కల భావం చెప్పడం తన వల్ల కాదనీ, జవాబిచ్చేది దేవుడేననీ ఫరో ముందే ఒప్పుకున్నాడు. వేషం మార్చినా విశ్వాసం మార్చలేదు.

యోసేపు జీవితంలో బట్టలు చాలాసార్లు మారాయి. తండ్రి కుట్టించిన అంగీని అన్నలు ఊడదీశారు. పోతీఫరు భార్య చేతిలో పైవస్త్రం విడిచి పారిపోయాడు. చివరికి ఫరో సన్నపు నార బట్టలు తొడిగించాడు. వేసినవీ తీసినవీ మనుషులే. యెహోవా అతనికి తోడైయుండుట మాత్రం ఏ రోజూ తీసివేయబడలేదు. బట్టలకు ఎంత విలువ ఇవ్వాలో, ఎంతకు మించి ఇవ్వకూడదో ఈ ఒక్క జీవితం చెబుతుంది.

మరి రేపు ఇంటర్వ్యూ ఉన్న తమ్ముడు, చెల్లెలు ఏం వేసుకోవాలి? ఆ పనిచోట రోజూ వేసుకునే బట్టలకంటే ఒక మెట్టు పైన ఉంటే చాలు. ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగానికి శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు సరిపోతాయి. కోటు అక్కర్లేదు. యంత్రాల దగ్గర పని చేసి చూపించమనే అవకాశం ఉంటే చెప్పులతో, వేలాడే చున్నీతో వెళ్లకూడదు. బ్యాంకు, ఆఫీసు ఉద్యోగాలకు లేతరంగు ఫుల్ హ్యాండ్స్ చొక్కా టక్ చేసుకుని, బెల్టు పెట్టుకుంటే మంచిది. అమ్మాయిలకు నిండైన చుడీదారు గానీ, అలవాటుంటే చీర గానీ చక్కగా ఉంటుంది. పెద్ద హోటళ్లు, మేనేజ్‌మెంటు ఉద్యోగాలు అయితే టై అవసరం పడవచ్చు. కిక్కిరిసిన బస్సులో బెంగళూరు దాకా వెళితే ఇస్త్రీ నిలవదు. చొక్కాను సంచిలో మడిచి పెట్టుకుని, దిగాక మార్చుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. యోసేపు చేసింది కూడా అదే.

తెలియకపోతే తెలిసినవారిని అడగాలి. ఎస్తేరు రాజు దగ్గరికి వెళ్లే వంతు వచ్చినప్పుడు ఆ రాజగృహపు పద్ధతులు ఎరిగిన హేగే చెప్పినవి తప్ప మరేమీ కోరలేదు (ఎస్తేరు 2:15). ఆ కంపెనీలో పనిచేసే విశ్వాసి మన సంఘంలో ఒకరుంటే, అతణ్ని అడిగితే వచ్చే సలహా వెలలేనిది.

అప్పు చేసి కోటు కొనడం మాత్రం వద్దు. సౌలు తన యుద్ధవస్త్రాలను దావీదుకు తొడిగించాడు. దావీదు నాలుగడుగులు వేసి చూసి, ఇవి నాకు వాడుక లేదని తీసి పక్కనబెట్టాడు. తనకు అలవాటైన వడిసెలతోనే వెళ్లాడు. ఒంటికి పట్టని కోటులో ఉక్కిరిబిక్కిరవుతూ కూర్చుంటే తెలిసిన జవాబు కూడా నోటికి రాదు.

అలాగని పేదవారికి మంచి బట్టలెందుకని ఎవరూ అనకూడదు. చెప్పులు తొడుక్కుని పెద్దవీధిలో నడవడానికి కూడా మన తాతల్లో కొందరికి వీల్లేని రోజులు ఈ నేలమీద ఉన్నాయి. 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ కొల్లాయి, శాలువాతో వెళ్లారు. పేదల పక్షాన నిలవడం అది. డాక్టర్ అంబేద్కర్ సూటుతో వెళ్లారు. అణగారినవారు ఎవరికీ తక్కువ కాదని చెప్పడం అది. శుభ్రమైన బట్ట కట్టుకుని తల ఎత్తుకుని కూర్చోవడం గర్వం కాదు. దేవుని పోలికలో సృజించబడినవారికి అది తగినదే.

ఇక మనలో బల్లకు అవతలి పక్కన కూర్చునేవారూ ఉన్నారు. సూపర్‌వైజర్లు, కాంట్రాక్టర్లు, బడి నడిపేవారు, దుకాణదారులు ఉన్నారు. సమూయేలుకు చెప్పిన మాట మనకే. యాకోబు తన పత్రికలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపి, మురికిబట్టలవాడిని పాదపీఠం దగ్గర కూర్చోమనే సమాజాన్ని గద్దించాడు (యాకోబు 2:2-4). వెలిసిన చొక్కాతో వచ్చిన అబ్బాయిని మాట్లాడనివ్వకముందే పంపేస్తే, మన ప్రశస్త వస్త్రాలు ప్రభువు ముందు మనల్ని కాపాడలేవు.

సంఘంగా చేయగలిగింది ఇంకొకటుంది. 1997లో న్యూయార్క్‌లో నాన్సీ లుబ్లిన్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని తనకు వారసత్వంగా వచ్చిన 5,000 డాలర్లతో, ముగ్గురు నన్‌ల సహాయంతో ఒక సేవ ప్రారంభించింది. ఇంటర్వ్యూకు తగిన బట్టలు లేని పేద స్త్రీలకు వాటిని ఉచితంగా ఇవ్వడమే ఆ సేవ. అది తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. దీని వేరు ఎక్కడుందో మనకు తెలుసు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలూ వస్త్రాలే (అపొ.కా. 9:39).

మన మందిరాల్లో ఒక బీరువా, ఒక ఇస్త్రీపెట్టె పెట్టలేమా? నాలుగైదు కొలతల్లో చొక్కాలు, ప్యాంట్లు, చుడీదార్లు, రెండు మూడు జతల బూట్లు ఉంచలేమా? కుట్టుమిషను ఉన్న సహోదరి ఒక సాయంత్రం కొలత సరిచేసి ఇస్తే చాలు. పదిమందిలో పేరు పిలిచి ఇవ్వకుండా, తీసుకునేవారి ముఖం చిన్నబోకుండా ఇవ్వాలి. అప్పుడు గుమ్మం దగ్గర ఆగి ‘ఏ బట్టలు వేసుకుని పోవాలి అయ్యగారూ’ అని అడిగిన బిడ్డకు ప్రార్థనతోపాటు చేతిలో ఒక చొక్కా కూడా పెట్టి పంపగలుగుతాం.