ఎక్స్‌రే గదిలో భద్రత: చట్టం, శిక్షణ, అలవాటు

ఎక్స్‌రే కిరణాలు కంటికి కనిపించవు, ఒంటికి తగిలినట్టు తెలియవు. అయినా శరీరకణాల్లోని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, జన్యుపదార్థాన్ని దెబ్బతీయగల శక్తి వాటికి ఉంది. ఈ కిరణాల వల్ల దేహానికి కలిగే మోతాదును మిల్లీసీవర్టులలో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రేకు అది సాధారణంగా 0.1 మిల్లీసీవర్టు లోపే ఉంటుంది, పంటికి తీసే చిన్న ఎక్స్‌రేకు ఇంకా తక్కువ, పొట్ట సీటీ స్కాన్‌కు మాత్రం చాలా రెట్లు ఎక్కువ. ఏడాదికొకసారి వచ్చే రోగికి స్వల్పమైన ఈ మోతాదు, రోజంతా ఆ గదిలోనే పనిచేసే సిబ్బంది విషయంలో జాగ్రత్త తప్పితే పేరుకుపోతుంది.

భారతదేశంలో 1962 నాటి అణుశక్తి చట్టం కింద రూపొందిన 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాలు ఈ జాగ్రత్తలకు ఆధారం కాగా, 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి వాటి అమలును చూస్తుంది. సిబ్బందికి మోతాదు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదు. సాధారణ ప్రజలకు ఈ హద్దు ఏడాదికి 1 మాత్రమే. రోగికి ఇటువంటి హద్దేదీ విధించలేదు, ఎందుకంటే పరీక్ష అవసరమా కాదా అన్నది వైద్యుడు తేల్చాలి, అవసరమైతే వీలైనంత తక్కువ మోతాదుతో తీయడం రేడియోగ్రాఫర్ బాధ్యత.

అందువల్ల రోగికి అందే రక్షణ చాలావరకు సిబ్బంది శిక్షణపైనే ఆధారపడుతుంది. కిరణాల ఎదుట గడిపే సమయాన్ని తగ్గించడం, దూరం పాటించడం, సీసపు అడ్డును వాడడం ఆ శిక్షణలోని మూడు మూలసూత్రాలు. చిన్న మూలం నుంచి దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. రోగి దేహాన్ని తాకి చెదిరే కిరణాలే సిబ్బందికి ప్రధానమైన ముప్పు. అలాగే నేరుగా వచ్చే కిరణాల దారిలో చెయ్యి పడకుండా, దంతవైద్యశాలలో ఫిల్మును సహాయకులు వేలితో పట్టుకోరాదని, దానికి హోల్డర్ వాడాలని నేర్పుతారు. కిరణాలను సరిచూసుకోవడానికి ఏళ్ల తరబడి తన చేతినే వాటికెదురుగా పెట్టిన అమెరికన్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ క్యాన్సర్ సోకి ముందు వేళ్లను, తరువాత చేతిని పోగొట్టుకుని 1928లో మరణించాడు.

తమకు తగిలిన మోతాదును కొలవడానికి సిబ్బంది ఛాతీపై, సీసపు ఏప్రాన్ లోపల ధరించే టీఎల్‌డీ బ్యాడ్జిలో మూడు చిన్న బిళ్లలుంటాయి. ఒకటి లోహపు తొడుగు కింద, మరొకటి ప్లాస్టిక్ కింద, మూడోది ఏ అడ్డూ లేకుండా అమరి ఉండే ఈ బిళ్లలు తమలో నిలవచేసుకున్న శక్తిని ప్రయోగశాలలో వేడిచేసినప్పుడు వెలుగుగా విడుదల చేస్తాయి. ఆ వెలుగును బట్టి మోతాదును లెక్కిస్తారు. బ్యాడ్జిని ఎక్స్‌రే గదిలో మరిచిపోతే మనిషికి తగలని మోతాదు అతని ఖాతాలో చేరుతుంది, ఇంట్లో వదిలేస్తే తగిలిన మోతాదు నమోదే కాదు. పైగా బ్యాడ్జి జరిగినదాన్ని చెప్పగలదే తప్ప అడ్డుకోలేదు.

సరైన కోణంలో తీయనందువల్ల మళ్లీ తీయవలసివచ్చే ప్రతి చిత్రంతో రోగికి అదనపు మోతాదు తప్పదు. గర్భవతులు ఆ సంగతిని ముందే చెప్పడం, రోగి వెంట వచ్చినవారు గది బయటే ఉండడం, పాత ఫిల్ములను వెంట తెచ్చుకోవడం ఈ భద్రతలో ప్రజల వంతు.