సరమ కొడుకు చేసిన నేరమేమి?

భారత కథారంభంలోనే ఒక కుక్కపిల్ల ఏడుపు వినిపిస్తుంది. కురుక్షేత్రంలో జనమేజయుడు సత్రయాగం చేస్తుండగా, దేవశుని సరమ కొడుకు ఆడుకుంటూ ఆ చాయలకు వచ్చాడు. రాజు తమ్ములు ముగ్గురూ వాణ్ణి కొట్టి తరిమారు. వాడు తల్లివద్దకు పోయి మొరపెట్టుకున్నాడు. ఏ తప్పూ చేయని పసివాణ్ణి కొట్టినవారికి అనుకోని భయం కలుగుతుందని సరమ యాగశాలలో పలికి వెళ్ళిపోయింది.

ఈ కథను తరగతిలో ఎన్నోమార్లు చెప్పాను. అయినా, మా ఇంటికి మోతి వచ్చేవరకు దాని అంతరార్థం నాకు బోధపడలేదు.

వచ్చేనాటికి మోతికి రెండు నెలలు. నాలుగో నెల వచ్చేసరికి ఇల్లంతా వాడి రాజ్యమే అయినది. సాయంకాలం నేను బడినుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, ఎగిరి మీద పడేవాడు. ఉతికిన పంచెమీద బురద పాదాల అచ్చులు! మా ఏడేళ్ళ అమ్మాయి పరుగెత్తితే పరికిణీ అంచు పట్టి లాగేవాడు. ఒకనాడు ఆమె మణికట్టుపై పంటి నొక్కులు ఎర్రగా తేలాయి. కోపం పట్టలేక వాణ్ణి ఒక దెబ్బ కొట్టాను. వాడు మంచం క్రిందికి దూరాడు. మరునాడు అన్నం గిన్నె పట్టుకొని పిలిచినా, నా చేయి చూసి వెనుకకు జరిగాడు.

“వీణ్ణి ఎక్కడైనా వదిలి రండి. పిల్లను కరుస్తుంటే చూస్తూ ఊరుకోలేను” అన్నది మా ఇల్లాలు. “వద్దు నాన్నగారూ!” అని అమ్మాయి ఏడ్చింది.

అప్పుడు గాని నాకు ఆలోచన పుట్టలేదు. ఇంతకూ వాడు చేసిన నేరమేమి?

తోడేళ్ళలో పెద్దవి వేటనుంచి తిరిగి రాగానే పిల్లలు ఎగిరి వాటి మూతులు నాకి ఆహారం అడుగుతాయి. కుక్క తోడేలు సంతతిదే. మన ముఖం ఎత్తున ఉన్నది కనుక అది ఎగురుతుంది. అది దాని స్వాగతం. ఇక కొరకడం దాని ఆట. కుక్కపిల్లకు ఇరవైయెనిమిది పాలపళ్ళు. మూడు నాలుగు నెలల వయస్సునుంచి అవి ఊడి, వాటి స్థానంలో క్రమంగా నలభైరెండు పళ్ళు వస్తాయి. ఆ కాలంలో చిగుళ్ళు సలుపుతాయి. తోడి పిల్లలతో ఆడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండవది కుయ్యిమని ఆట మానివేస్తుంది. ఎంత నొక్కవచ్చునో ఆ బడిలోనే నేర్చుకోవాలి. అందుచేతనే ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లినుంచి వేరు చేయరాదు.

మరి మనం చేసేదేమిటి? ఎగిరితే చేతులతో నెడతాము. అది దానికి కుస్తీ ఆట. కేకలు వేస్తాము, తనతో మనమూ మొరుగుతున్నామనుకుంటుంది. పిల్లలు పరుగెత్తుతారు, వెంటాడడం మరింత వేడుక. 1898లో థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో ఉంచి చేసిన ప్రయోగాలను శిక్షణ పొందిన ఉపాధ్యాయులందరూ చదివే ఉంటారు. తృప్తినిచ్చిన పనిని ప్రాణి మళ్ళీ చేస్తుంది. మోతి ఎగిరినప్పుడెల్లా కోరినది దొరుకుతూనే ఉన్నది.

నాటినుంచి పద్ధతి మార్చాము. మోతి ఎగిరితే చేతులు కట్టుకొని, ముఖం త్రిప్పి, చెట్టువలె నిలబడేవాళ్ళం. నాలుగు పాదాలూ నేలనానిన క్షణాన వంగి నిమిరేవాళ్ళం. “కూర్చో” అన్నప్పుడు కూర్చుంటే ఒక రొట్టెముక్క. పళ్ళు చర్మానికి తగిలితే ఆట అక్కడితో సరి. అర నిమిషం పాటు లేచి అవతలికి పోయేవాళ్ళం. కొరకడానికి ముడులు వేసిన లావుపాటి త్రాడు ఇచ్చాము. ఉదయం సాయంత్రం నడిపించాము. అలసిన పసిపిల్లలవలె కుక్కపిల్లలూ నిద్రవేళకు మరింత రెచ్చిపోతాయి, అప్పుడు పడుకోనిచ్చేవాళ్ళం.

మొదటి వారం వాడు మునుపటికన్న ఎక్కువగా ఎగిరాడు. ఇన్నాళ్ళూ పనిచేసిన ఉపాయం ఫలించకపోతే ఎవరైనా ఇంకొంత గట్టిగా ప్రయత్నించి చూస్తారు కదా! ఆ సమయంలో ఇంటిల్లిపాదీ ఒకే మాటమీద నిలవాలి. ఒకరు కాదన్నదానికి మరొకరు ముద్దుచేస్తే చదువు మొదటికి వస్తుంది.

విద్యార్థులు రెండు విషయాలు మరువరాదు. పసిపిల్లలను కుక్కతో ఒంటరిగా విడువరాదు. చర్మం గీరుకుపోయినా సరే, గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి వైద్యునికి చూపాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం అత్యంత అరుదు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే టీకా వేయించాలి.

మా తరగతిలోనూ మోతివంటి బాలురున్నారు. అల్లరి చేస్తేనే గాని ఉపాధ్యాయుని చూపు తమవైపు తిరగదని వారెప్పుడో గ్రహించారు. నెమ్మదిగా కూర్చున్ననాడు వారిని పేరు పెట్టి పలుకరించిన జ్ఞాపకం నాకు లేదు. ఇప్పుడు పలుకరిస్తున్నాను.

నేను గుమ్మంలోకి రాగానే మోతి తోక నేలకేసి కొడుతూ కూర్చుంటాడు. ఎగరడం నెలరోజులలో మానాడు. నా చేతిని తిరిగి నమ్మడానికి మాత్రం అంతకు రెండింతలు పట్టింది. ఆ ఒక్క దెబ్బ కొట్టి ఉండకూడదు.