బిందె మీది పేరు

మా జేజి పేరు లక్ష్మమ్మ. జేజి అంటే మా అనంతపురం వైపు నాయన తల్లి. పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందె ఒకటి ఆమెకు వుండేది. దాని మెడ కింద ఆమె పేరు కొట్టించి వుండేది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన, పడే సీమ మాది. 1980ల నడుమ కరువుల్లో ఆ బిందె తూకానికి అమ్ముడుపోయింది. తూకంలో పేరుకు వేరే వెల కట్టరు గదా! తీసుకుపోయి అమ్మి వచ్చింది మా అమ్మే.

ఇటీవల మా తమ్ముడు ఇల్లు కట్టుకుని దానికి జేజి పేరు పెడతానన్నాడు. గేటు పక్క పలక మీద ఆ పేరు ఇత్తడి అక్షరాలలో కనబడాలని వాడి కోరిక. నిజమైన ఇత్తడి కోయించాలంటే ఖరీదు ఎక్కువ. అచ్చు పలకయితే చవక. కాని బోర్డులు చేసే అతను “బొమ్మ మీరే తయారుచేసి తెండి” అన్నాడట. తెలుగు పంతుల్ని గనుక అక్షరాల పని నా నెత్తిన పడ్డది.

లోహం మీద అక్షరం మనకు కొత్తదేమీ కాదు. అన్నమాచార్యుల సంకీర్తనలు నిలిచింది తిరుమలలోని రాగిరేకుల మీదనే గదా! వాటిని పరిష్కరించిన పండితులలో ఒకరైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మా జిల్లాలో పుట్టినవారే. అయితే అక్కడ రేకు వున్నది, ఉలి వున్నది. నాకు రెండూ లేవు. ఇంట్లో కంప్యూటరూ, అందులో ఫోటోషాపూ వున్నాయి. థామస్ నోల్, జాన్ నోల్ అనే అమెరికా అన్నదమ్ములు మొదలుపెట్టగా 1990లో బజారుకు వచ్చిన సాధనమిది. ఇంజనీరింగు చదివే మా అమ్మాయి గురువు, నేను శిష్యుణ్ణి.

అక్షరాలకు పసుపు రంగు నింపి ఇత్తడి అయిందనుకున్నాను. చూస్తే పసుపు ముద్దలా వున్నది. అమ్మాయి నవ్వి, వంటింట్లోంచి ఒక స్టీలు మూత తెచ్చి దీపం కింద పట్టింది. మూత మీద గుండ్రంగా సన్నని గీతలు. వాటికి అడ్డంగా, నడిమి నుంచి అంచు దాకా, విసనకర్ర విప్పినట్టు వెలుగు చార! మూతను చక్రంలా తిప్పినా చార వున్నచోటనే వున్నది.

“కన్ను లోహమని నమ్మేది రంగును చూసి కాదు నాన్నా. ఆ గీతల్ని, వాటికి అడ్డంగా పరుచుకునే వెలుగును చూసి” అన్నది. మీరూ ఇంట్లో పరీక్షించి చూడవచ్చు.

ఆ గీతలను తెర మీద తెప్పించే పద్ధతి నాకు భలే నచ్చింది. ఒక్క గీతా చేత్తో గీయనక్కరలేదు. ఒక పొరను బూడిదరంగుతో నింపి, “యాడ్ నాయిస్” అనే దానితో ఇసుక చల్లినట్టు చుక్కలు చల్లాలి. మోనోక్రొమాటిక్ అన్నచోట టిక్కు పెట్టకపోతే వసంతోత్సవమే! తరువాత “మోషన్ బ్లర్”. ముగ్గు మీద అరచెయ్యి ఈడ్చినట్టు, అది చుక్కలన్నిటినీ ఒకే దిక్కుకు ఈడుస్తుంది. ఎంత దూరమో, ఏ కోణమో మనం చెప్పాలి. దూరం 150 పిక్సెళ్లు సరిపోయింది. నిలువు గీతలయితే ఠీవిగా వుంటాయని కోణం 90 డిగ్రీలు పెట్టాను. అంచులలో గీతలు సరిగా రావు గనుక ఆ మేరకు కత్తిరించి పారేశాను. ఈ పొరను అక్షరాల మీద పరచి “క్లిప్పింగ్ మాస్క్” చేస్తే అక్షరం వున్నంత మేరకే గీతలు మిగులుతాయి. “బెవెల్ అండ్ ఎంబాస్” అక్షరాల అంచులకు మందమిస్తుంది, “గ్రేడియంట్ ఓవర్లే” వెలుగు చారలు దిద్దుతుంది. ఇత్తడి రంగు చిట్టచివర, అదీ పలచగా.

ఇక తెలుగువారికి వచ్చే బాధ ఒకటి వున్నది. “క్ష్మ”! మొదటిసారి అది ముక్కలై, పొల్లులు తగిలించుకుని “లక్‌ష్‌మమ్‌మ”గా ప్రత్యక్షమయింది. మా పాత ఫోటోషాపులో మన లిపులకు వేరే అమరిక ఎంచుకోవాలట. అది తెలిసేసరికి ఒక సాయంత్రం గడిచింది. ఉచితంగా దొరికే గింప్‌లో రాసి చూస్తే ఆ పేచీ రాలేదు. అక్షరాలు అతుక్కున్నాక మరో తంటా. మందం 12 పెడితే పెద్ద అక్షరాలు దివ్యంగా వున్నాయి గాని, కింది మ వత్తు సన్నని గీత కావడాన అంతా అంచే అయిపోయి, లోహపు గీతలకు చోటే మిగల్లేదు. రామభద్ర అనే లావు ఫాంటుకు మారి, మందం 4కు దించి, ఆ ఒక్క వత్తు మీద రెండో సాయంత్రం కూర్చున్నాను. పిల్లల వత్తులు దిద్ది జీతం తీసుకునేవాణ్ణి, నా వత్తే చెడితే ఎట్లా?

మూడోనాడు అమ్మను పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది.

“ఇత్తడే. కానీ గీతలు నిలువుగా పెట్టినావేంరా? బిందెను చింతపండూ బూడిదా పెట్టి తిప్పుతా తోముతాం. గీతలు చుట్టూరా పడతాయి గాని పైనుంచి కిందికి పడతాయా?”

కోణం 90 తీసి 0 పెట్టాను. గీతలు తిరిగితే వెలుగూ తిరగాలి గనుక చారలను నిలువు చేశాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి జరిగింది.

“ఇప్పుడు మా అత్త బిందె లాగుంది. పేరే తప్పు.”

గతుక్కుమన్నాను. “లక్ష్మమ్మ అని సరిగానే వుంది గదమ్మా?”

“బిందె మీద లక్షమ్మ అని ఉండె. పేరు కొట్టినోడు ఆ కిందిది వదిలేసినాడు. మా అత్తకు చదువు రాదు. ఎండాకాలంలో బావి కాడ ఊరి బిందెలన్నీ వరస పెట్టి ఉంటే, ఆ మూడక్షరాలు చూసే తన బిందె తీసుకునేది. ఆమె గుర్తుపట్టే పేరు అదే.”

తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. “అమ్మ చెప్పినట్టే కానీ” అన్నాడు.

సాయంత్రమంతా కూర్చుని దిద్దిన మ వత్తును ఒక్క మీట నొక్కి తుడిపేశాను. వచ్చే వారం పలక గేటు పక్కకు చేరుతుంది. తెలుగు లెక్చరరు తమ్ముడి ఇంటి ముందర అచ్చు తప్పేమిటని అడగదలచినవారు మా అమ్మను అడగవలసింది.