యుద్ధానంతర బ్రిటన్‌లో టెలివిజన్ విస్తరణ

బీబీసీ 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలను ప్రారంభించినప్పటికీ, రెండవ ప్రపంచయుద్ధం ముంచుకురావడంతో 1939 సెప్టెంబరు 1న వాటిని నిలిపివేసింది. ప్రసార తరంగాలు శత్రు విమానాలకు దారి చూపుతాయన్న భయం, ఇంజనీర్ల సేవలు రాడార్ పనులకు అవసరం కావడం అందుకు కారణాలు. దాదాపు ఏడేళ్ల విరామం తరువాత, 1946 జూన్ 7న ప్రసారాలు తిరిగి మొదలైనప్పుడు, నిలిపివేతకు ముందు చూపించిన మిక్కీ మౌస్ కార్టూన్‌నే ఆ రోజు మళ్లీ ప్రదర్శించారు. యంత్రం సిద్ధంగానే ఉంది. దానిని దేశమంతటికీ చేర్చడమే మిగిలిన సమస్య.

ఆనాటి చిత్రాన్ని 405 అడ్డగీతలుగా విడగొట్టి, సెకనుకు 25 చిత్రాల చొప్పున పంపేవారు. ఇందుకు వాడిన అత్యధిక పౌనఃపున్య తరంగాలు, అంటే సెకనుకు కోట్లసార్లు కంపించే రేడియో తరంగాలు, సుమారుగా సరళరేఖలో పయనిస్తాయి గనుక, భూమి వంపు దాటి ఎక్కువ దూరం పోలేవు. అందువల్ల తొలినాళ్లలో లండన్ పరిసరాలకే ప్రసారాలు పరిమితమయ్యాయి. ప్రకటనలు లేని ఈ సేవకు కావలసిన సొమ్ము లైసెన్సు రుసుము రూపంలో వచ్చేది; 1946లో రేడియోతో కలిపి టెలివిజన్ లైసెన్సుకు ఏడాదికి రెండు పౌండ్లు వసూలు చేశారు.

దృశ్యాలను భద్రపరచే సులభ సాధనం అప్పటికి లేకపోవడం వల్ల కార్యక్రమాలు చాలావరకు ప్రత్యక్షంగానే సాగేవి. ఆదివారం వేసిన నాటకాన్ని గురువారం మళ్లీ చూపాలంటే నటులు స్టూడియోకు వచ్చి మొత్తం తిరిగి నటించవలసిందే. తెరపై కనిపించే చిత్రాన్నే ఫిల్ము కెమెరాతో తీసి భద్రపరచే టెలిరికార్డింగ్ పద్ధతి 1947 నుంచి వాడుకలోకి వచ్చింది. 1948 లండన్ ఒలింపిక్స్‌ను వెంబ్లీ నుంచి ప్రసారం చేయడం ద్వారా స్టూడియో వెలుపలి ఘట్టాలను ఇంటికి చేర్చగల శక్తి ఈ మాధ్యమానికి ఉందని రుజువైంది.

దూరం సమస్యకు పరిష్కారం ఎత్తైన ప్రదేశాలలో కొత్త ప్రసార కేంద్రాలను నెలకొల్పడమే. 1949 డిసెంబరులో బర్మింగ్‌హామ్ సమీపాన సటన్ కోల్డ్‌ఫీల్డ్, 1951 అక్టోబరులో ఉత్తర ఇంగ్లండ్‌కు హోమ్ మాస్, 1952లో స్కాట్లాండ్‌కు కర్క్ ఓ షాట్స్, వేల్స్‌కు వెన్వో కేంద్రాలు పనిచేయసాగడంతో, జనాభాలో అధిక భాగానికి ప్రసారాలు అందుబాటులోకి వచ్చాయి. సరిగ్గా ఆ దశలో, 1953 జూన్ 2న రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకం జరిగింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలోకి కెమెరాలను రానివ్వరాదని తొలుత తీసుకున్న నిర్ణయాన్ని ప్రజల నిరసన మార్పించింది. పవిత్ర తైలాభిషేక ఘట్టాన్ని మాత్రం చూపలేదు. టెలివిజన్ లైసెన్సులు ఇరవై లక్షలకు కాస్త పైనే ఉన్న ఆనాడు, బంధువుల ఇళ్లలో, ఇరుగుపొరుగు ఇళ్లలో గుమిగూడి సుమారు రెండు కోట్ల మంది ఆ వేడుకను తిలకించారు. రేడియోలో విన్నవారి కంటే వీరే అధికం.

1954 టెలివిజన్ చట్టం బీబీసీ గుత్తాధిపత్యాన్ని తొలగించగా, 1955 సెప్టెంబరు 22న ప్రకటనల ఆదాయంతో నడిచే ఐటీవీ లండన్‌లో ప్రారంభమైంది. ఈ విస్తరణకు పట్టాభిషేకం ఊపునిచ్చిన మాట నిజమే అయినా, అంతకు నాలుగేళ్ల ముందు నుంచే లేస్తూ వచ్చిన ప్రసార స్తంభాలు లేకపోతే అది కూడా లండన్ వాసుల వినోదంగానే మిగిలిపోయేది.