గుంటలా, సెంట్లా? కృష్ణ నీళ్ల లెక్క ఏ అచ్చుల పోస్తున్నరు?

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఒక లెక్క అడుగుత. కాయితం మీద 5.20 అని ఉన్నది. భూమెంత?

అలంపూర్‌ల అడిగితే అయిదెకరాల ఇరవై గుంటలు అంటరు. తుంగభద్ర దాటి కర్నూల్‌ల అడిగితే అయిదెకరాల ఇరవై సెంట్లు అంటరు. ఎకరానికి మనకు 40 గుంటలు, వాళ్లకు 100 సెంట్లు. అంటే అలంపూర్ 5.20 అయిదున్నర ఎకరాలు. కర్నూల్ 5.20 దానికి 30 సెంట్లు తక్కువ, మన లెక్కల 12 గుంటలు. అంకె ఒక్కటే, భూమి వేరు. ఇద్దరిల ఎవ్వరూ తప్పు రాయలే. గద్వాల, అలంపూర్ నిజాం రాజ్యంల రాయచూరు జిల్లాల ఉండె, 1956ల పాలమూరుల కలిసినయి. కర్నూల్ మద్రాసు దిక్కు నుంచి వచ్చింది. రెండు సర్కార్ల దఫ్తర్లు రెండు తీర్ల రాసినయి, గంతే.

ఇప్పుడు గీ రెండు దఫ్తర్లను కంప్యూటర్ల పోస్తే? మన దిక్కు 2.30 ఒక చెల్క, 2.30 ఇంకో చెల్క కలిపితే 5.20 కావాలె. గుంటల సంగతి ముందుగాల జెప్పకుంటే కంప్యూటర్ 4.60 అంటది. దానికి చుక్క అంటే దశాంశమే.

గీ ముచ్చటనే చదువుకున్నోళ్లు డేటా మోడలింగ్, హార్మొనైజేషన్ అంటరు. పేర్లకు భయపడకుర్రి. డేటా మోడల్ అంటే ఇటుకల అచ్చు అసుంటిది. ఏ గడిల ఏం రాయాలె, ఏ కొలతల రాయాలె అని అందరు ముందే ఒప్పుకునుడు. ఎవరి అచ్చుల ఉన్న లెక్కను వాళ్లు ఆ ఉమ్మడి అచ్చులకు మార్చి ఇచ్చుడే హార్మొనైజేషన్.

ఇది సరిగ్గ చేయకుంటే ఏమైతదో రైన్ నది మీద ఒక వంతెన చూపించింది. ఇటు జర్మనీ, అటు స్విట్జర్లాండ్, రెండు ఒడ్డుల ఊరి పేరూ లౌఫెన్‌బర్గే. ఎత్తును జర్మనీ వాళ్లు ఉత్తర సముద్రం నుంచి కొలుస్తరు, స్విస్ వాళ్లు మధ్యధరా సముద్రం నుంచి. రెండిటికి 27 సెంటీమీటర్ల తేడా ఉంటదని ఇంజినీర్లకు ఎరుకే. కానీ సవరించేకాడ కూడికకు, తీసివేతకు తారుమారైంది. 2003ల చూస్తే తేడా పోవుడు కాదు, 54 సెంటీమీటర్లయింది. ఎరుకున్నా గింతే, ఎటు కలపాలెనో రాసి పెట్టుకోకపోతే.

2007ల యూరోపియన్ యూనియన్ ఇన్‌స్పైర్ అని ఒక చట్టం తెచ్చింది. నదులు, రోడ్లు, భూమి కమతాలు, ఊర్ల పేర్లు, మొత్తం 34 అంశాల సమాచారం దేశాలన్నీ ఒక్క అచ్చుల బయట పెట్టాలె. దీంట్ల నాకు నచ్చింది ఏందంటే, ఎవ్వరినీ ఇంటి దఫ్తర్ మార్చుకొమ్మనదు. మీ లెక్క మీరు రాసుకోండ్రి, బయటికి ఇచ్చేటప్పుడు మాత్రం అందరి అచ్చుల పోసి ఇయ్యిండ్రి అంటది. మనం కూడా గుంటలు ఇడిసిపెట్టే పని లేదు, మన యాస ఇడిసిపెట్టే పని ఎట్ల లేదో గట్లనే. ఇంకోటి, ఖాళీ గడి. విలువ లేకుంటే ఉత్తగ ఇడిసిపెట్టుడు గాదు, తెల్వదా, దఫ్తర్ల నింపలేదా, తెలిసీ చెప్తలేరా అని కారణం రాసే జాగ పెట్టిండ్రు. మన సర్కార్లకు గీ జాగ చానా అక్కెర.

ఎందుకంటే మన కృష్ణమ్మ సంగతి చూడుండ్రి. ఎగువ కర్ణాటకల ఆల్మట్టి నిండు మట్టం 519.60 మీటర్లు. పాలమూరుల జూరాల 318.51 మీటర్లు. శ్రీశైలం కాడికి వచ్చేసరికి 885 అడుగులు, సాగర్‌ల 590 అడుగులు. నీళ్లు అవే, కొలిచే బద్ద మారింది. ప్రవాహం మనం క్యూసెక్కులల్ల చెప్పుకుంటం, కేంద్ర జల సంఘం క్యూమెక్కులల్ల చెప్తది. ఒక క్యూమెక్కు 35 క్యూసెక్కుల మీద జర ఎక్కువ. గివన్నీ గుణిస్తే పోయే తిప్పలే. పోని తిప్పలు మాటల కాడ ఉన్నయి. "వాడకం" అంటే ఏంది? కాలువ తలకాడ తీసిన నీళ్లా, చెల్కకు అందిన నీళ్లా? ఆవిరైనయి ఎవరి ఖాతల రాయాలె? వరద సముద్రం పాలయ్యేటప్పుడు మళ్లించినయి లెక్కల పడతయా, పడయా?

2014ల విభజన చట్టం కింద కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చింది. 2015ల 811 టీఎంసీలల్ల ఆంధ్రకు 512, మనకు 299 అని తాత్కాలికంగ రాసుకున్నరు. 299 న్యాయమా అన్నది వేరే కొట్లాట, అది ఇడిసేది లేదు. కానీ వాటా ఎంత పెరిగినా, "వాడకం" అనే మాటకు రెండు అర్థాలుంటే కాయితం మీది నీళ్లు దేవరకొండ చెల్కలకు ఎక్కయి. టెలిమెట్రీ మీటర్ల మీద రెండు రాష్ట్రాలు ఏండ్ల సంది పంచాది పెట్టుకునుడు ఊకెనే గాదు. ప్రతి తూము కాడ అంకెతోని పాటు కొలత, టైము, కొలిచినోళ్లు, మీటరు నడుస్తున్నదా ఆగిందా, అన్నీ రెండు రాష్ట్రాలు ఒక్క తీరుగ బయట పెట్టాలె. మీటరు ఆగిన రోజు సున్నా రాస్తే, ఆ రోజు నీళ్లే పోలేదని అర్థమైతది మరి!

రాష్ట్రాల నడుమనే గాదు, మన ఇంట్లనే గీ గోస ఉన్నది. 2016 అక్టోబర్‌ల 10 జిల్లాలు 31 అయినయి, 2019ల 33. పాత నల్లగొండ ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. 2011 జనాభా లెక్కలేమో పాత హద్దులల్లనే ఉన్నయి. పాత నల్లగొండ ఫ్లోరైడ్ సగటును కొత్త నల్లగొండ సగటుతోని పోలిస్తే, మర్రిగూడ బోరు నీళ్లు చుక్క మారకున్నా జిల్లా అంకె మారుతది. దాన్ని పట్టుకొని గెలిచినమని ఫ్లెక్సీ కట్టేటోళ్లు కూడా ఉంటరు.

గందుకే జిల్లా సగటు వద్దు, ఊరూరి లెక్క అడుగుండ్రి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీల ప్రతి ఊరికి ఒక కోడ్ ఉన్నది. మీ ఊరి పేరు ఒక దఫ్తర్ల ఒత్తుతోని, ఇంకో దఫ్తర్ల ఒత్తు లేకుంట రాసినా కోడ్ ఒక్కటే. ఫోన్‌ల ఎతికితే దొరుకుతది. సమాచార హక్కు దరఖాస్తుల ఊరి పేరు పక్కన గా కోడ్ రాయిండ్రి. అంకెతోని పాటు కొలత, తేదీ, ఖాళీ ఉంటే ఎందుకు ఖాళీ ఉన్నదో గది కూడా రాసి ఇయ్యాలని అడుగుండ్రి.